ఇటలీ కమ్యూనిస్టు పార్టీ – ఐరోపా ఏకీకరణ

ఇటలీ కమ్యూనిస్టు పార్టీ (1921–1991) ఐరోపా ఏకీకరణను తొలుత ప్రతిఘటించి, చివరి దశాబ్దంలో దాని గట్టి సమర్థకుల్లో ఒకటైంది. ఐరోపా ఆర్థిక సమాజాన్నీ అణుశక్తి సమాజాన్నీ నెలకొల్పే రోమ్ ఒప్పందాలు 1957 జూలైలో ఇటలీ ప్రతినిధుల సభ ముందుకు వచ్చినప్పుడు పార్టీ వ్యతిరేకంగా ఓటేసింది. ఉమ్మడి మార్కెట్టు గుత్త పెట్టుబడికీ నాటోకూ ఊతమిచ్చే ఏర్పాటని దాని వాదన. సోషలిస్టులు అంత దూరం పోలేదు. అణుశక్తి సమాజాన్ని బలపరిచి, ఆర్థిక సమాజంపై తటస్థంగా ఉండిపోయారు.

వైఖరి ఎప్పుడు మారిందన్న దానిపై ఏకాభిప్రాయం లేదు. 1968లో చెకోస్లొవేకియాపై సోవియట్ దాడిని ఖండించడంతోనే మలుపు వచ్చిందని కొందరు అంటారు. కానీ 1962 నాటి గ్రాంశీ సంస్థ సదస్సులోనే ఇటలీ పెట్టుబడిదారీ విధానం కుంగడం లేదని, కొత్త రూపంలో ఎదుగుతోందని పార్టీ మేధావులు చర్చించారు. మార్పుకు బీజం అక్కడే పడిందనడం సబబుగా తోస్తుంది. 1969లో జార్జియో అమెండోలా నాయకత్వాన పార్టీ సభ్యులు తొలిసారి యూరోపియన్ పార్లమెంటులో అడుగుపెట్టారు. అంతవరకు ఇటలీ పాలకపక్షాలు ప్రతినిధి బృందంలో వారికి చోటివ్వలేదు.

ఈ చరిత్రలో ఆల్టియెరో స్పినెల్లిది విడ్డూరమైన స్థానం. యువ కమ్యూనిస్టుగా ముస్సోలినీ జైలుకు వెళ్లిన ఆయన్ను, సోవియట్ విధానాలతో విభేదించినందుకు 1937లో పార్టీయే బహిష్కరించింది. వెంటొటేనే దీవి నిర్బంధంలో ఎర్నెస్టో రోసీతో కలిసి సమాఖ్య ఐరోపా కోరుతూ ఒక ప్రణాళిక రాశారు. రచనాకాలం 1941 అన్నది సాధారణంగా చెప్పే మాట. ప్రామాణికంగా వాడే ప్రతి మాత్రం 1944లో రోమ్‌లో రహస్యంగా అచ్చయినది. సిగరెట్ కాగితాలపై రాసి, వండిన కోడిలో దాచి దీవి దాటించారని ఒక కథ ప్రచారంలో ఉంది. వెలివేసిన పార్టీ జాబితా మీదే 1976లో ఆయన స్వతంత్రుడిగా గెలిచారు. ఆయన దగ్గరుండి నడిపిన యూరోపియన్ యూనియన్ ముసాయిదా ఒప్పందాన్ని 1984 ఫిబ్రవరి 14న యూరోపియన్ పార్లమెంటు 237–31 ఓట్లతో ఆమోదించింది.

దారి పొడవునా ఒకే ఊపు లేదు. 1978 డిసెంబరులో యూరోపియన్ ద్రవ్య వ్యవస్థలో తక్షణం చేరడాన్ని పార్టీ వ్యతిరేకించింది. లీరాను బలమైన జర్మన్ మార్కుకు ముడివేస్తే ఆ భారం ఇటలీ ఎదుగుదల మీద పడుతుందన్నది సభలో జార్జియో నపొలిటానో వాదన సారాంశం. అభ్యంతరం షరతుల మీదే గాని సూత్రం మీద కాదు. ఐరోపావాదిగా పేరుపడ్డ ఆ నపొలిటానోయే 2006లో దేశాధ్యక్షుడయ్యారు.

1991లో పార్టీ రద్దయింది. దాని వారసుల్లో వామపక్ష ప్రజాస్వామ్య పార్టీ 1992లో మాస్ట్రిక్ట్ ఒప్పందానికి ఓటేయగా, విడిపోయిన రిఫొండాజియోనే కొమ్యునిస్టా దాన్ని తిరస్కరించింది.