మట్టిమిద్దె అసలు ఖరీదు

పొదిలి నుంచి తూర్పుగా ఒంగోలు దారి పట్టి పోతే పాతకాలపు ఇళ్లలో తాటాకు, బోద కప్పులు, పెంకుటిళ్లు ఎక్కువగా ఉండేవి. పడమరగా మార్కాపురం, కంభం, గిద్దలూరు వైపు పోయేకొద్దీ రాతిగోడల మట్టిమిద్దెలు ఎక్కువయ్యేవి. మా ఊరు ఆ రెండింటి పొలిమేర. ఒకప్పుడు వెంకటగిరి రాజాల జమీందారీగా ఉండిన మా పొదిలి 1970లో కొత్త జిల్లా ఏర్పడేదాకా నెల్లూరు జిల్లాలో ఉండేది, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉండేవి. ఇళ్లు మారింది మాత్రం జిల్లాను బట్టి కాదు, వానను బట్టి. సముద్రం మీది తుపాను వానకు మట్టి కప్పు ఆగదు. వాన సన్నగిల్లే పడమటి సీమలో ఆగుతుంది.

మాది రాతిపని చేసుకునే కుటుంబం. మా తాత బురదతో గోడలు కట్టాడు. మా నాయన బురద, గానుగ సున్నం, సిమెంటు మూడూ చూశాడు. నేను బేల్దారి పనిలోకి వచ్చేసరికి సిమెంటే మిగిలింది. ఇప్పుడు ఇంజినీరింగ్ చదివిన పిల్లలు వచ్చి, పాత పద్ధతిలో పర్యావరణానికి మేలు చేసే ఇల్లు కడితే చవకేనా అని అడుగుతున్నారు. మట్టిమిద్దె ఏనాడూ చవక కాదని వాళ్లకు చెబుతాను. దాని ఖర్చు రూపాయల్లో కాక మనుషుల రెక్కల్లో ఉండేది, ఒక్కసారిగా కాక ఏటేటా పడేది. అందుకే లెక్కల పుస్తకంలోకి ఎక్కలేదు.

గోడ సంగతి ముందు చెప్పాలి. రెండు అడుగుల మందం. లోపలి ముఖం ఒకటి, బయటి ముఖం ఒకటి, నడుమ చిన్న రాళ్లు, బురద. ఆ రెండు ముఖాలనూ కలిపి పట్టడానికి మధ్యమధ్య గోడ మందమంతా ఉండే పొడుగు రాయి పడాలి. అది పడని గోడ పదేళ్లకు కడుపు ఉబ్బి విచ్చుకుంటుంది. బురద అంటే అప్పటికప్పుడు తొక్కి వేసేది కాదు. మట్టిలో గడ్డి కలిపి, నీళ్లు పోసి రోజుల తరబడి మాగబెట్టి, మళ్లీ తొక్కేవాళ్లు. రాయి కొండ నుంచి, మట్టి చెరువు నుంచి, గడ్డి కల్లం నుంచి వచ్చేవి. పొదిలికి ఆనాడు రైలు లేదు. ఎడ్లబండి పొద్దుటి నుంచి సాయంత్రంలోపు పోయి రాగలిగిన దూరంలో దొరికేదే ఇంటి సామాను.

గోడ మీద దూలాలు, దూలాల మీద దంతెలు, వాటి మీద దగ్గరదగ్గరగా బద్దలో, నాపరాళ్లో, అవి లేనివాళ్లకు వావిలి కంపో. దాని మీద బురద మెత్తి దిమ్మిస కొట్టి, అన్నిటికీ పైన చౌడు పోసేవాళ్లు. వెలుతురుకూ పొగ పోవడానికీ గవాచి. పైన పడ్డ నీరు పోవడానికి ఒక పక్కకు వాటం, పిట్టగోడలో దోనె.

ఆ చౌడు చేసే పని చూస్తే నాకు ఇప్పటికీ గౌరవం కలుగుతుంది. పైరు మొలవని నేల మట్టి అది. చాకళ్లు బట్టలు ఉడకేయడానికి వాడేదీ అదే. అందులో సోడియం ఉప్పులు ఎక్కువ. వాన చుక్క తగలగానే అందులోని బంకరేణువులు విడిపోయి, నీళ్లు దిగే సన్నని సందులన్నిటినీ పూడ్చేస్తాయి. నీరు దిగక ఆ నేలలో పైరు చస్తుంది. అదే గుణం వల్ల ఇంటి కప్పు కారకుండా నిలుస్తుంది. రైతుకు దండగైన నేలను ఇంటికప్పు చేసుకున్న మా పెద్దవాళ్లు రసాయనశాస్త్రం చదువుకోలేదు. తరతరాలుగా కప్పెక్కి చూసి నేర్చుకున్నారు.

కానీ చౌడు ఒకసారి పోస్తే సరిపోదు. ప్రతి వానకూ కొంత కొట్టుకుపోతుంది, ఎండకు బీటలిస్తుంది. అందుకే ఎండాకాలం చివర్లో, తొలకరికి ముందే బండ్లతో చౌడు తోలి, తట్టలతో పైకెక్కించి, పరిచి, తొక్కి చదును చేయాలి. ఈ వీధివాళ్లు ఆ ఇంటికి, ఆ ఇంటివాళ్లు ఈ ఇంటికి బదులు పనికి పోయేవాళ్లు. ఇంటిలోపల గోడలకు ఎర్రమట్టి, పేడ అలికేది ఆడవాళ్లు. పండగ వచ్చిందంటే సున్నం కొట్టేదీ వాళ్లే. మా అమ్మ చేతుల చర్మం సున్నానికి పగిలిపోయేది. మట్టిమిద్దె చల్లదనాన్ని పొగిడేవాళ్లు ఆ చేతుల్ని కూడా లెక్కలో వేసుకోవాలని నా కోరిక.

బరువు లెక్క ఒకటుంది. ఆరు అంగుళాల మట్టి కప్పు చదరపు మీటరుకు దాదాపు పావు టన్ను తూగుతుంది. అయిదు అంగుళాల కాంక్రీటు శ్లాబు మూడు వందల కిలోలు దాటుతుంది. అంటే కొత్త మట్టిమిద్దె శ్లాబు కంటే బరువేమీ కాదు. ఏడాదికి అర అంగుళం చొప్పున చౌడు పోస్తూ, పాతది గీకకుండా వదిలేస్తే మాత్రం పదేళ్లలో కప్పు బరువు దాదాపు రెండింతలవుతుంది. దూలం వంగుతుంది. ముసురు పట్టినప్పుడు తడిసిన మట్టి ఇంకా బరువెక్కుతుంది. మిద్దె కూలి మనుషులు పోయారని వినేది అలాంటి రోజుల్లోనే. మట్టి చెడ్డదై కూలినవి తక్కువ. గీకే మనిషి లేక కూలినవే ఎక్కువ.

రెండో పెద్ద ఖర్చు కలప. మంచి దూలం నల్లమల అడవి నుంచి రావాలి. 1882 మద్రాసు అటవీ చట్టంతో అడవులు రిజర్వు కిందికి వెళ్లడం మొదలైంది. వందేళ్ల తరువాత నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం వచ్చింది. దూలం దొరకడం కష్టమైంది, దొరికినా ధర మండిపోయింది. ఇందులో నేను అడవి పక్షమే. ప్రతి కుటుంబమూ నాలుగు దూలాలు, నలభై దంతెలు కొట్టుకుంటే నల్లమల మిగిలేది కాదు. సున్నపు బట్టీలూ కట్టెలతోనే మండేవి. కొద్దిమందికి మిద్దెలుండి, మిగిలినవాళ్లు బోద గుడిసెల్లో బతికినంత కాలమే ఆ పద్ధతి అడవికి భారం కాలేదు.

గానుగ సున్నం సంగతి నాయన చెప్పగా విన్నదీ, కాస్త చూసిందీ. గుండ్రంగా తవ్విన కాలువలో సున్నం, ఇసుక పోసి, ఎద్దు లాగే రాతి చక్రంతో నూరేవాళ్లు. బెల్లం నీళ్లు, నల్లమల కరక్కాయల నీళ్లు కలిపేవాళ్లు. సున్నపురాయి కాలడానికి 900 డిగ్రీల వేడి చాలు, సిమెంటుకు 1,450 డిగ్రీలు కావాలి. పైగా సున్నం గోడలో గట్టిపడేటప్పుడు బట్టీలో వదిలిన కార్బన్ డయాక్సైడులో చాలా భాగాన్ని గాలి నుంచి తిరిగి పీల్చుకుంటుంది. అయితే అది నెమ్మదిగా గట్టిపడుతుంది. కూలి పెరిగిన కాలంలో ఎవరూ అంతసేపు ఆగలేదు.

సిమెంటు కూడా ఒక్కసారిగా రాలేదు. అది కంట్రోలు సరుకుగా ఉన్నన్నాళ్లు పర్మిట్ కాగితం కోసం ఆఫీసుల చుట్టూ తిరగాలి. 1982లో ప్రభుత్వం కంట్రోలు కొంత సడలించింది, 1989లో పూర్తిగా ఎత్తేసింది. అదే దశకంలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం పేదలకు పక్కా ఇళ్లు పెద్దఎత్తున కట్టించింది. 2006లో ఇందిరమ్మ ఇళ్లు మొదలయ్యాయి. ఆ పనుల్లో నేనూ తాపీ పట్టాను. బోద కప్పు కింద ప్రతి ఎండాకాలం నిప్పుకు భయపడుతూ బతికినవాళ్లకు శ్లాబు ఎంత ధైర్యమో నాకు తెలుసు. ఒక ముసలమ్మ కొత్తింట్లోకి పోతూ, "నాయనా, ఇంక గాలి లేస్తే పొయ్యి ఆర్పేపని లేదు గదా" అంది. అలకడం తప్పింది, తేళ్లు తగ్గాయి, చౌడు మోత పోయింది. పేదవాడికి శ్లాబు వద్దని, మట్టిల్లు కట్టుకొమ్మని చెప్పే హక్కు శ్లాబు కింద పడుకునే నాకు గానీ, ఎవరికి గానీ లేదు.

శ్లాబు ఖర్చు ఎక్కడెక్కడ పడుతుందో మాత్రం చెప్పి తీరాలి. నాలుగు వందల చదరపు అడుగులు, అయిదు అంగుళాల మందం, సిమెంటు ఒకటికి ఒకటిన్నర ఇసుక, మూడు కంకర పాళ్లు అనుకుందాం. 37 బస్తాల సిమెంటు, దాదాపు 370 కిలోల కమ్మి పడతాయి. టన్ను సిమెంటు తయారీలో 600 కిలోలకు పైగా, టన్ను ఉక్కు తయారీలో రెండు టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడు గాలిలో కలుస్తుంది. అంటే ఆ చిన్న కప్పు ఒక్కటే రెండు టన్నుల దాకా వదులుతుంది. ప్రపంచంలో మనుషుల వల్ల వెలువడే కార్బన్ డయాక్సైడులో ఏడెనిమిది శాతం సిమెంటుదే. ఇవేవీ ఇంటాయన బిల్లులో ఉండవు.

బిల్లులోకి రానివి ఊళ్లోనే ఇంకొన్ని ఉన్నాయి. శ్లాబు పోశాక దాని మీద మడులు కట్టి పది, పన్నెండు రోజులు నీళ్లు నిలపాలి. ఎండాకాలంలో తాగేనీళ్లే ట్యాంకర్లతో తెచ్చుకునే పొదిలిలో ఆ నీళ్లూ ట్యాంకర్లవే. తరువాత వేడి. రెండడుగుల రాతిగోడలో మధ్యాహ్నపు ఎండ లోపలికి దిగేసరికి రాత్రవుతుంది, ఈలోపు బయట గాలి చల్లబడుతుంది. శ్లాబు పగలంతా తాగిన ఎండను రాత్రి మంచం మీదికి దింపుతుంది. ఏసీ పెట్టుకున్నవాళ్లకు రాత్రికి పది యూనిట్ల చొప్పున చూసినా మూడు నెలలకు తొమ్మిది వందల యూనిట్లు. పెట్టుకోలేనివాళ్లు ఆరుబయట పడుకుంటారు.

ఈ లెక్క సరిచేయగల సరుకు మా దగ్గరే ఉంది. మార్కాపురం పలకరాయి పొరలున్న శిలలకు భూగర్భశాస్త్రంలో కంభం పేరే ఉంది. 1872లో విలియం కింగ్ కడప, కర్నూలు రాతిపొరల మీద రాసిన నివేదికలోనే ఆ పేరు ఉంది. దేశమంతా పిల్లలు అక్షరాలు దిద్దిన పలకలు ఇక్కడివి. నోటుపుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాక ఆ పని తగ్గి, పరుపు రాయిగా, గోడ తాపడంగా రంగురంగుల బండలు పడమటి దేశాలకు పోతున్నాయి. క్వారీల పక్కన పనికిరాదని పోసిన ముక్కల గుట్టలున్నాయి. సముద్రాలు దాటి పోయే రాయి దగ్గరలోనే ఉన్న పొదిలి ఇళ్లలోకి రాకుండా, ఆ స్థానంలో ఎక్కడో గ్యాసు బట్టీలో కాల్చిన టైల్సు లారీలెక్కి రావడం నాకు బాధగా ఉంటుంది. రాయి కోసే చోట లేచే సిలికా దుమ్ము కూలీల ఊపిరితిత్తులను తింటుందన్నదీ ఇదే లెక్కలో రాయాలి. తడిపి కోసే ఏర్పాటు, ముఖానికి ముసుగు లేకుండా తీసిన రాయిని మేలైన సరుకు అనకూడదు.

కేరళలో ఆర్కిటెక్ట్ లారీ బేకర్ చేసి చూపించిన పని ఒకటి మాకు సరిగ్గా పనికొస్తుంది. శ్లాబు కింది భాగంలో కాంక్రీటు మోసే బరువు తక్కువ, లాగుడంతా కమ్మి పట్టుకుంటుంది. అక్కడ కమ్ముల నడుమ పాత పెంకులు పెట్టి పోస్తే కాంక్రీటు అయిదో వంతు దాకా ఆదా అవుతుంది, వేడీ కాస్త తగ్గుతుంది. కానీ పెంకులు నిలువునా, అడ్డంగా కుదురుగా పేర్చే ఓపిక, నేర్పు ఉన్న మేస్త్రీ కావాలి. రాతిగోడకూ అంతే. ఇటుకకు దారం పట్టుకుంటే చాలు, రాయికి కన్ను కావాలి. ఇప్పటి కుర్రాళ్లలో ఆ కన్ను ఉన్నవాళ్లు తక్కువ, నేర్పే చోటూ లేదు.

ఈ మధ్య మా వీధిలో ఒక టీచరమ్మకు ఇంటి ఎస్టిమేటు రాసిచ్చాను. పడమటి గోడ ఒక్కటి రాతిది, సిమెంటు సగం సున్నం సగం కలిపిన మాలుతో. మిగిలినవి ఇటుక. కప్పులో పాత పెంకులు. నేలకు మార్కాపురం బండలు. పైన తెల్ల సున్నం. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానం పేరుతో తెచ్చిన మార్గాల్లో కప్పుకు తెల్లపూత కూడా ఒకటి. మామూలు ఇంటి కంటే సామాను ఖర్చు తగ్గింది, మేస్త్రీల కూలి పెరిగింది, మొత్తం మీద కాస్త ఎక్కువే తేలింది. ఆ ఎక్కువైన డబ్బు ఫ్యాక్టరీకి పోదు, పొదిలిలో పనిచేసే చేతులకు పోతుంది. ఆమె రెండు రోజులు ఆలోచించి సరేనంది. కాగితం అడుగున ఇంకో వరుస కలపమని అడిగింది. ఏటా మే నెలలో కప్పుకు సున్నం, దోనెలు శుభ్రం, పగుళ్లకు మాలు, దానికి ఒక మనిషి కూలి. ప్రభుత్వ ఇళ్ల ఎస్టిమేట్లలో పునాదికీ కప్పుకూ వరుసలు చూశాను గానీ ఈ వరుస నేనెప్పుడూ చూడలేదు. అది రాసి, ఆ మనిషి ఎవరో కూడా అక్కడే తేల్చుకుని, ఇద్దరం సంతకాలు పెట్టాం.