రంగు పూసిన తుపాకి

దీపావళి నాలుగు దినము లున్నదనగా బజారులో వెలయు రేకు తుపాకులను ఎఱుగని తెలుగు బాలుడుండడు. ఎఱ్ఱనిదో పచ్చనిదో మెఱయు రంగు, పిడిమీద ఒక గుఱ్ఱపు రౌతు బొమ్మ, లోపల చుట్టచుట్టిన కాగితపు రీలు. మీట నొక్కగానే రేకు సుత్తి రీలుమీది మందు చుక్కపై పడి టపుక్కుమనును. పండుగ మఱునాటికి అది అటక చేరును. అయితే మా బళ్లారి వంటి యూళ్లలో ఆ బొమ్మకు రెండవ జన్మ యొకటి యుండెడిది. సంఘమువారి నాటకమునకు తుపాకి కావలసి వచ్చినపుడు అటకమీదినుండి దానిని దింపి, నల్లరంగు పూసి, వేషగాని నడుమున దోపెడివారు. ఇంత చిన్న పనికి చరిత్రయేమి యని పాఠకమహాశయులు నవ్వవచ్చును. మేమును మొదట నవ్వినవారమే.

బొబ్బిలి యుద్ధము చలనచిత్రము 1964లో వచ్చినది. అటుపిమ్మట కొన్నేండ్లకు మా యూర నొక తెలుగు సంఘమువారు ఉగాదికి ఆ కథనే నాటకముగా ఆడిరి. బుస్సీ దొర వేషము మా మేనమామది. ముఖమునకు తెల్లని పూత, తలకు ఈకల టోపి, నడుమున ఆనాటి మధ్యాహ్నమే నల్ల ఎనామెలు పూసిన దీపావళి పిస్తోలు. రంగు ఆరలేదు. కోట ముట్టడి రంగమున దొరగారు పిస్తోలు దూసి, ఆవేశముతో సంభాషణ పలికి, చెమట పట్టిన ముఖమును ఆ చేతితోనే తుడుచుకొనిరి. దొరగారి చెంపపై మూడవ మీసము మొలిచినది. చేతిలోని పిస్తోలు సగము ఎఱ్ఱగా బయటపడినది. సభ గొల్లుమన్నది. ముందు వరుసలో కూర్చున్న చరిత్ర పంతులుగారు మాత్రము నవ్వలేదు. నాటకము ముగిసిన పిదప మామయ్యను పిలిచి, “ఏమోయ్, రంగు మాట అటుంచు. అది ఆరు గుండ్ల పిస్తోలు గదా! బొబ్బిలి కోట పడినది 1757 జనవరి 24. కోల్టు దొర ఆ గుండ్రని తిరుగుడు పిస్తోలునకు అమెరికాలో హక్కుపత్రము పొందినది 1836. బుస్సీకి డెబ్బదితొమ్మిదేండ్లు ముందుగా ఎవరు తెచ్చియిచ్చిరి?” అని యడిగిరి. మామయ్యయొద్ద సమాధానము లేదు. ఆ రాత్రి జరిగిన తప్పులు రెండు: ఒకటి రంగుది, ఒకటి కాలముది. అప్పటినుండియే మాకు ఈ విషయముపై దృష్టి కలిగినది.

నిజమైన తుపాకినే తెచ్చుకొనరాదా యని నేటి పిల్లలడుగుదురు. మన నాటకము పుట్టిన దినములను తలచుకొన్న సమాధానము దొరకును. 1876లో నాటక ప్రదర్శనల చట్టము వచ్చినది. 1878లో ఆయుధముల చట్టము వచ్చినది. రెండును లిట్టన్ ప్రభువు రాజప్రతినిధిగా నున్న కాలమునాటివే. రంగముపై ఏది ఆడరాదో నిషేధించు అధికారమును మొదటిది సర్కారున కిచ్చినది. లైసెన్సు లేని భారతీయుడు తుపాకి ఉంచుకొనరాదని రెండవది శాసించినది. ఆధునిక తెలుగు నాటకము కాళ్లూనినది ఈ రెండు చట్టముల నీడలోనే. కడప మండలములోని సురభి గ్రామమున వనారస వారు కీచకవధ నాడి తమ సమాజమునకు నాంది పలికినది 1885లో. వారి పూర్వులు తోలుబొమ్మలాట వారు. మా బళ్లారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారి సరసవినోదినీ సభయు, కోలాచలము శ్రీనివాసరావుగారి సుమనోరమా సభయు వెలసినవి. పౌరాణికములలో గదలు, విండ్లు, కత్తులతో పని గడచినది. చారిత్రక నాటకములు వచ్చినకొలది చిక్కు మొదలైనది. బొబ్బిలి కథను వేదము వేంకటరాయశాస్త్రిగారును, శ్రీపాద కృష్ణమూర్తిశాస్త్రిగారును నాటకములుగా వ్రాసిరి. ఆ కథలో ఫిరంగులు లేక కోట పడదు, తుపాకులు లేక బుస్సీ లేడు!

ఆ కాలమున తుపాకి యెంత దుర్లభ వస్తువో మన్యపు చరిత్రయే చెప్పును. 1922 ఆగస్టు 22 మొదలు వరుసగా మూడు దినములు అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై పడినది తుపాకులకొఱకే. పోరాడువానికే తుపాకి పోలీసు ఠాణాలో తప్ప దొరకని దేశమున, వేషము వేయువానికి కొయ్య తుపాకియే గతి యగుట వింత గాదు. ఇందులో నొక చమత్కారము గలదు. నిజమైన తుపాకిని ముట్టరాని ప్రజలు రంగముపై కొయ్య తుపాకిని ఎత్తిన తమవానిని చూచి చప్పట్లు కొట్టిరి. ఆ చప్పట్లు కొయ్యకు గాని రంగుకు గాని చెందినవని మేమనుకొనము.

కొయ్యకు ప్రాణము పోయు విద్య మనవారికి క్రొత్త గాదు. కొండపల్లి బొమ్మల పనివారు తేలికైన తెల్లపొనికి కొయ్యను చెక్కి, ఱంపపు పొట్టు, చింతపిక్కల పొడి కలిపిన మక్కుతో అతుకులు పూడ్చి, సున్నపు పూత పూసి ఆరనిచ్చిన పిదపనే రంగు ముట్టుదురు. ఏటికొప్పాకలో లక్కబొమ్మలకు వాడు అంకుడు కఱ్ఱయు, మన కర్ణాటకములో చెన్నపట్టణపు బొమ్మలకు వాడు ఆలెమరమును ఒకే జాతి చెట్టు. భాష మారినది, పేరు మారినది, చెట్టు మారలేదు. బళ్లారిలో తెలుగు మాటలాడు మాకు ఈ సంగతి తెలిసిననాడు కలిగిన సంతోషము వేఱుగా వ్రాయనక్కఱలేదు. కొండపల్లివారి పద్ధతిలో సగము తెలిసియున్నను మా మామయ్య మూడవ మీసము తప్పించుకొనియుండును. నున్నని రేకుపై నేలపూత లేక ఏ రంగును నిలువదు.

రంగు సంగతి కొంత వివరింతము. మన సంఘముల యువకులలో ఈ పని చేయువారు ఇంకను ఉన్నారు. నిజమైన తుపాకి నలుపు పైపూత కాదు. ఉక్కును రసాయనములతో పండించిన నీలినలుపు. చేయి తగులుచోట, ఒరలో రాచుకొను అంచులయందు ఆ నలుపు అరిగి ఉక్కు తెల్లగా తేలును. పిడి మడతలలో చెమటయు మట్టియు చేరి గోధుమవన్నె తేరును. ఈ అరుగుదలయే కంటికి నమ్మకము కలిగించును. కనుక తెలిసినవారు మొదట సబ్బునీటితో జిడ్డు కడిగి, ప్లాస్టిక్కు బొమ్మ యైనచో అచ్చు అతుకు గీతలను చాకుతో గీకి, గరుకు కాగితముతో రుద్ది, పలుచని నేలపూత వేయుదురు. అటుపై మెఱుపులేని నల్లరంగును రెండు మాఱులు పూయుదురు. ఎనామెలు మెఱుపు రంగస్థల దీపముల క్రింద బొమ్మను బొమ్మగానే పట్టియిచ్చును. ఆరిన పిదప పెన్సిలు ములికి పొడిని గుడ్డతో రుద్దిన ఉక్కు వన్నె వచ్చును. దాదాపు పొడిగానున్న కుంచెతో అంచులను మాత్రము వెండిరంగు తాకించి, సందులలో పలుచని గోధుమరంగు నింపి తుడిచినచో పది రూపాయల బొమ్మ పదేండ్ల సేవచేసిన ఆయుధమగును. అంచులన్నియు ఒకే తీరున అరగదీయుట ప్రథమ విద్యార్థుల దోషము. చేయి పట్టు తావునే లోహము అరుగును.

నాటకమునకు ముందు వరుస పది పదునైదడుగుల దూరమున నుండును గాని చలనచిత్రపు కెమెరాకు దూరము లేదు. అందుచేత మదరాసు స్టూడియోల కాలమునుండియు ఈ విద్య రెండు పాయలైనది. వెనుక వరుస సైనికుల చేతులలో కొయ్యవో రబ్బరువో చాలును; కథానాయకుని చేతిలోనిది కంటి దగ్గరకు వచ్చును. 1971లో వచ్చిన మోసగాళ్లకు మోసగాడు చిత్రముతో తుపాకి తెలుగు తెరపై కథానాయకునంతటి వేషధారి యైనది. ఆరుద్ర రచన, కె.యస్.ఆర్. దాసు దర్శకత్వము, కృష్ణ వేషము, రాజస్థానపు ఇసుక. ఆ సంవత్సరపు దీపావళికి మా వీధి బాలురందఱును నడుమున తోలుపట్టీ కట్టినవారే! 1974లో అదే కృష్ణ అల్లూరి సీతారామరాజుగా విల్లు పట్టిన పిదప వారిలో కొందఱు బాణములకు మఱలిరి.

కెమెరా నిజమునే కోరునని నిజమైన తుపాకులలో గుండులేని తూటాలు పెట్టి కాల్చు ఆచారము అమెరికా చిత్రసీమలో దీర్ఘకాలము సాగినది. దాని మూల్యము తక్కువ కాదు. 1993 మార్చి 31న నటుడు బ్రాండన్ లీ చిత్రీకరణలోనే గాయపడి మరణించెను. అంతకుముందు ఉత్తుత్తి తూటానుండి ఊడిన గుండు గొట్టములో చిక్కుకొని యుండగా ఎవరును గమనింపలేదు. వెనుకనే పేల్చిన గుండులేని తూటా దానిని బయటికి తోసెను. 2021 అక్టోబరు 21న న్యూ మెక్సికోలో ఛాయాగ్రాహకురాలు హలీనా హచిన్స్ అసలు గుండు తగిలి మరణించినది. ఆ నెలలోనే ఒక అమెరికా టెలివిజను ధారావాహికవారు ఇకమీదట నిజమైన తుపాకులను ముట్టక, గాలితో పనిచేయు బొమ్మ తుపాకులనే వాడి, మంటను తరువాత యంత్రముతో చిత్రమునకు చేర్తుమని ప్రకటించిరి. మా మామయ్య అటక తుపాకికి ఇంతకన్న గౌరవము ఎక్కడిది?

అయితే రంగస్థలము దిగిన రంగు తుపాకి సంగతి వేఱు. వేదికమీద అందఱకును తెలిసిన అబద్ధము వీధిలో ఎవరికిని తెలియదు. అందుచేతనే పలు దేశములలో రంగే చట్టమైనది. జపానువారు 1971లో లోహపు నమూనా పిస్తోళ్లకు తెలుపో పసుపో రంగుండవలెననియు, గొట్టము మూసియుండవలెననియు నిర్ణయించిరి. అమెరికాలో 1988 నాటి శాసనముననుసరించి 1989నుండి బొమ్మ తుపాకుల మూతికి నారింజ వన్నె వచ్చినది; నాటకములకును చిత్రములకును మినహాయింపునకు త్రోవ యుంచిరి. బ్రిటనువారు ఇంకొక యడుగు వేసిరి. 2006లో చేసి 2007 అక్టోబరునుండి అమలుపఱచిన చట్టమున బొమ్మను నిజమైనదివలె మార్చుటయే నేరమైనది. నాటకము, చలనచిత్రము, చారిత్రక యుద్ధ ప్రదర్శనములకు మాత్రము రక్షణ కల్పించిరి. మన 1959 నాటి ఆయుధముల చట్టము బొమ్మను పేలునట్లు మార్చుటకు లైసెన్సు కావలెననును. అరెస్టును ఎదిరించుటకు బొమ్మ తుపాకి చూపినను శిక్ష గలదు. విమానపు చేతిసంచిలో బొమ్మ తుపాకిని అనుమతింపరు. ప్రదర్శనలకై ఊరూరు తిరుగు సమాజములవారు ఇది గుర్తుంచుకొనవలెను.

ఇవి భీరువుల చాదస్తములని కొందఱందురు. 2014 నవంబరులో అమెరికా క్లీవ్‌లాండు నగరమున ఒక తోటలో పండ్రెండేండ్ల బాలుడు గాలి తుపాకి బొమ్మతో ఆడుకొనుచుండెను. దాని మూతి నారింజ వన్నె ఊడిపోయి యున్నది. పోలీసువాడు కారు దిగిన కొన్ని క్షణములలోనే కాల్చెను. ఆ బాలుడు మఱునాడు మరణించెను. అంగుళమైనను లేని రంగు!

మా సంఘములో ఇప్పుడు వస్తువుల పెట్టె తాళము ఒకరియొద్దనే యుండును. తుపాకి వేషము గల నాటకమునకు ఠాణాలో ముందుగా ఒక మాట చెప్పి, బొమ్మలను గుడ్డలో చుట్టి, మూతికి ఎఱ్ఱ కాగితము అంటించి హాలునకు తీసికొని పోవుదురు. తెర లేచుటకు ముందు కాగితము ఊడదీయుదురు. తెర పడగానే మరల అంటింతురు. క్రొత్తగా చేరిన కుఱ్ఱవారు దీనిని చూచి నవ్వుచుందురు గాని అంటించుట మానరు. పెట్టె అడుగున మామయ్య పిస్తోలు ఇంకను ఉన్నది. నాటకము పిదప ఆయనే గరుకు కాగితము తెచ్చి, నేలపూత వేసి, రెండు మాఱులు నలుపు పూసినాడు. బుస్సీకి మాత్రము మరల దానిని ఈయలేదు. పంతులుగారు ఉన్నన్నాళ్లు ఎవరికిని ధైర్యము చాలలేదు.