గడప లోపలి ప్రపంచం

ఆంగ్ల నవల చిరకాలం గృహజీవితాన్నే ఆశ్రయించి పెరిగినది. పందొమ్మిదవ శతాబ్దంలో పెండ్లి, ఆస్తి, పరువు, ప్రణయం అనే నాలుగు స్తంభాలపై అది చాలవరకు నిలిచినది. థాకరే వంటివారు వాటర్లూ యుద్ధాన్ని కథలోనికి తెచ్చినారు. అయినను యుద్ధం ముగియగానే కథ తిరిగి ఇంటికే చేరినది. లోకవిపత్తు గడప లోపల శాశ్వతంగా కాపురం పెట్టుట మొదటి ప్రపంచయుద్ధం తరువాతి మాట.

వర్జీనియా వూల్ఫ్ 1925లో ప్రకటించిన ‘మిసెస్ డాలొవే’ నాటికి యుద్ధం ముగిసి ఏండ్లు గడచినవి. లండనులో ఒక గృహిణి సాయంకాలపు విందుకై పూలు కొనుటకు బయలుదేరును. అదే దినం, యుద్ధంలో మిత్రుని కోల్పోయి మతి చలించిన ఒక సైనికుడు కిటికీనుండి దూకి మరణించును. ఈ ఇరువురు ఎన్నడును కలిసికొనరు. కాని విందుకు వచ్చిన వైద్యుని మూలంగా ఆ మరణవార్త ఆమె చెవిని బడును. దీపాలు, అతిథులు నిండిన గదిలోనికి యుద్ధం ఆ విధంగా ప్రవేశించినది.

కజువో ఇషిగురో ‘ది రిమెయిన్స్ ఆఫ్ ది డే’ (1989)లో ఈ సంబంధం మరింత కఠినం. ప్రభువు ఇంట 1923లో జరిగిన అంతర్జాతీయ సమావేశంలో బట్లరు స్టీవెన్స్ అతిథులకు సేవ చేయుచుండగా, మేడమీద అతని తండ్రి మరణించును. అతడు పని విడువడు. ఆ ప్రభువు తరువాత నాజీ జర్మనీ వైపు మొగ్గి అపకీర్తిపాలగును. శోకాన్ని, ప్రేమను అణచుకొని తాను సేవించినది ఎట్టి కార్యమో స్టీవెన్స్‌కు వయసు మళ్లిన తరువాత తెలిసివచ్చును. ఇచట చరిత్ర బయటినుండి పడిన పిడుగు కాదు. ఒక మంచి సేవకుని విధేయత కూడ దానికి చేయూత.

ఇయన్ మెకివన్ ‘సాటర్‌డే’ (2005) ఇరాకు యుద్ధానికి వ్యతిరేకంగా లండనులో మహాప్రదర్శన జరిగిన 2003 ఫిబ్రవరి 15 నాటి ఒక శస్త్రవైద్యుని కథ. ఆయన ‘లెసన్స్’ (2022)లో 1962 నాటి క్యూబా క్షిపణుల భయం ఒక బాలుని సంగీతోపాధ్యాయిని ఇంటికి నడిపించి, అతని జీవితాన్నే వక్రం చేయును. 1986లో చెర్నోబిల్ వార్త విని, భార్య విడిచిపోయిన అతడే పసిబిడ్డకొరకు కిటికీలు మూసివేయును. ఆలీ స్మిత్ 2016–2020 మధ్య ఋతువుల పేర్లతో వెలువరించిన నాలుగు నవలలలో ఐరోపా సమాఖ్యనుండి బ్రిటను వైదొలగిన వివాదం నిత్యజీవితపు పలకరింపులలోనికి సైతం దిగినది.

అయితే ఈ ఇటీవలి నవలలలో సంక్షోభం ఎక్కువగా వార్తగా వచ్చును. జంషెడ్‌పూరులోని బారిడీహ్ వంటి పేటలో అది పనిగా వచ్చును. మొదటి ప్రపంచయుద్ధకాలంలో ఇక్కడి ఉక్కు పట్టాలు మెసపొటేమియాకు పోయినవి. ఆ సేవకు గుర్తింపుగానే 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డు సాక్చీకి జంషెడ్జీ టాటా పేరు పెట్టినాడు. ఆంధ్రదేశం విడిచి ఇక్కడికి వచ్చిన తెలుగు కుటుంబాలు ఎన్నియో కారఖానా జీతంపైననే పిల్లల చదువులు, పెండ్లిళ్లు నడుపుకొన్నవి. 2007లో టాటా స్టీలు ఆంగ్లో-డచ్ సంస్థయైన కోరస్‌ను కొన్నది. 2024లో వేల్సులోని పోర్ట్ టాల్బట్‌లో దాని రెండు బ్లాస్ట్ ఫర్నేసులు మూతబడినవి. నష్టాల లెక్క, కర్బన ఉద్గారాలు తగ్గింపవలెనన్న నిర్ణయం ఇందుకు కారణాలు. బ్రిటనులో సుమారు 2,800 ఉద్యోగాలు తగ్గునని సంస్థ ప్రకటించినది. ఒకనాడు సామ్రాజ్యపు యుద్ధానికి పట్టాలు పోసిన ఊరికిని, నేడు కొలిమి ఆరిన వేల్సు ఊరికిని యజమాని ఒక్కటే.

ఇట్టి వస్తువును చేపట్టుటకు తెలుగులో పూర్వరంగం లేకపోలేదు. ఉప్పల లక్ష్మణరావు ‘అతడు-ఆమె’లో దాంపత్యంలోని ఎగుడుదిగుడులు, దేశంలోని ఉద్యమాలు ఒకే దినచర్య పుటలలో కలిసి నడచినవి. అందు రాజకీయం కాపురానికి వెనుక కట్టిన తెర కాదు. సంక్షోభం పేరు చెప్పినంతమాత్రాన నవల సమకాలికం కాజాలదు. అది ఏ ఇంట ఏ పెండ్లిని వాయిదా వేయించినదో, ఎవరి మాటను నోటనే ఆపినదో చెప్పవలెను. విపత్తును టెలివిజనులో చూచువాని గది వలెనే, దానిని షిఫ్టులో మోసి వచ్చువాని ఇల్లును నవలకు తగిన వస్తువే. ఆ ఇంటి భాష తెలుగైనచో, దానిని వ్రాయు బాధ్యత తెలుగు రచయితదే.