ముహర్రఖ్ పాత ఇళ్లు: చెమ్మ పట్టిన గోడల మరమ్మతు

బహ్రెయిన్ పూర్వ రాజధాని ముహర్రఖ్‌లో ముత్యాల వర్తకం నడిచిన రోజుల్లో ఇళ్లను సముద్రం నుంచి తీసిన పగడపు రాయితో, జిప్సం గచ్చుతో కట్టేవారు. సియాదీ కుటుంబపు ఇల్లు, షేక్ ఈసా బిన్ అలీ నివాసం ఇందుకు పేరున్న ఉదాహరణలు. ఏడాదికి 100 మిల్లీమీటర్ల వాన కూడా పడని ఈ దేశంలో గోడలకు అసలు శత్రువు కింది నుంచి ఎక్కే చెమ్మ. వేరేచోట్ల నేలమాళిగలో కనిపించే నెమ్ము ఇక్కడ నేలమట్టానే, గోడ అడుగున పట్టుకుంటుంది.

పగడపు రాయి నిండా సన్నని రంధ్రాలుంటాయి. వత్తి నూనెను పీల్చినట్టు అది భూమిలోని ఉప్పునీటిని పైకి లాగుతుంది. నీరు ఆవిరైపోతుంది. మిగిలిన ఉప్పు రంధ్రాల్లో స్ఫటికాలుగా పెరిగి రాయిని లోపలి నుంచే చీలుస్తుంది. గాలిలో తేమ హెచ్చితే కరిగి, తగ్గితే మళ్లీ గట్టిపడుతుంది. మొదట తెల్లగా ఉప్పు పూస్తుంది, తర్వాత పెచ్చులూడతాయి, చివరికి తడిమితే చాలు పొడి రాలుతుంది. జిప్సం కూడా లీటరు నీటిలో సుమారు 2 గ్రాములు కరుగుతుంది కాబట్టి గచ్చూ బలహీనపడుతుంది.

ఇలాంటి గోడకు సిమెంటు పూయడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. పైకి నున్నగా కనబడుతుంది గానీ, చెమ్మ బయటికి పోయే దారి మూసుకుపోయి ఇంకా పైకి ఎక్కుతుంది. అందుకే మరమ్మతు సిమెంటును జాగ్రత్తగా ఊడదీయడంతో మొదలవ్వాలి. పైపులు కారడం, గోడవార నీరు నిలవడం ఆపి, గోడను ఆరనివ్వాలి. దీనికి నెలలు పట్టవచ్చు. తొందరపడితే చేసినదంతా వృథా. తడిపిన కాగితపు గుజ్జునో బంకమట్టినో గోడకు పట్టించి, ఆరాక తీసేస్తే కొంత ఉప్పు దానితో వచ్చేస్తుంది. ఇలా పలుమార్లు చేయాలి. పొడైపోయిన రాళ్లను కొద్దికొద్దిగా మార్చి, గాలాడే సున్నపు పూత వేస్తారు. ఆ పూత ఉప్పును తనలోకి తీసుకుని తానే పాడవుతుంది, రాయి నిలుస్తుంది. కొన్నేళ్లకోసారి పూత మార్చక తప్పదు.

ముహర్రఖ్‌లోని ముత్యాల వర్తకపు కట్టడాలు 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. నగర పునరుద్ధరణకు 2019లో ఆగాఖాన్ వాస్తుశిల్ప పురస్కారం దక్కింది. మన కోస్తా ఊళ్లలో సున్నపు గచ్చు ఇళ్లున్నవారు కూడా ఉప్పు పూసిన గోడకు సిమెంటు పూయించే ముందు, ఆ నీరు ఎక్కడి నుంచి వస్తోందో చూసుకోవాలి.