ప్రతిధ్వనితో చేపల లెక్క

హెర్రింగ్ ఉత్తర సముద్రాల చేప. మన రేవుల్లో అది దొరకదు గానీ దాని చుట్టం దొరుకుతుంది. గోదావరి పులసే ఆ చుట్టం. పేట్రిక్ రస్సెల్ 1803లో వెలువరించిన విశాఖపట్నం చేపల గ్రంథంలో దీన్ని ‘పలాస’ అని రాసుకున్నాడు. 1829లో ఫ్రెంచి జీవశాస్త్రవేత్త కువియే ఆ తెలుగు మాటనే శాస్త్రనామంలో పెట్టాడు. కానీ 1822లోనే హామిల్టన్ అనే శాస్త్రవేత్త పెట్టిన ‘ఇలిషా’ పేరు ఉండటంతో అదే నిలిచింది.

గుడ్లు పెట్టడానికి గుంపుకట్టిన హెర్రింగ్ లాంటి చేపలు ఎన్ని ఉన్నాయో తెలిస్తే తప్ప ఎంత పట్టవచ్చో చెప్పలేం. నీటి కింద ఉన్నవాటిని లెక్కపెట్టేదెలా? ధ్వనిని పంపి, ప్రతిధ్వనిని వినాలి. జ్యోతినగర్ పక్కనున్న బొగ్గుగనుల ఊరు గోదావరిఖని వాళ్లకు ఈ పద్ధతి కొత్తగా తోచదు. బొగ్గుబాయిలో పైకప్పును కర్రతో తట్టి, బోలుగా మోగితే అక్కడ బండ వదులైందని పసిగడతారు. చేపలోనూ మోగేది బోలే. ప్రతిధ్వనిలో అధిక భాగం దాని గాలితిత్తి నుంచే వస్తుంది.

ఓడ అడుగు నుంచి ధ్వనిని కిందికి పంపుతారు. నీటిలో అది సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోతుంది గనుక 75 మీటర్ల లోతున్న గుంపు పదోవంతు సెకనులో జవాబిస్తుంది. 1930లలో ఇంగ్లండ్ హెర్రింగ్ పడవ కెప్టెన్ రోనాల్డ్ బాల్స్ దీన్ని వేటకు వాడుకున్నాడు. 1935లో నార్వే శాస్త్రవేత్త ఆస్కార్ సుండ్ లోఫోటెన్ కాడ్ చేపల ప్రతిధ్వని చిత్రాలను ప్రచురించాడు. 1960లలో నార్వేలోనే ప్రతిధ్వనుల శక్తిని కూడిపెట్టే యంత్రం రావడంతో చూడటం కాస్తా లెక్క అయింది. మొత్తం శక్తిని ఒక్క చేప ఇచ్చే శక్తితో భాగిస్తే సంఖ్య వస్తుంది. పరికరం సరిగా ఉందో లేదో చూడటానికి ఓడ కింద దారాలతో చిన్న రాగి గుండు వేలాడదీస్తారు. దాని ప్రతిధ్వని ఎంతో ముందే తెలుసు. అయితే ధ్వనితోనే గుంపులను వెతికే సోనార్ సాయంతో వేసిన పెద్ద వలలకు 1960ల చివర నార్వే హెర్రింగ్ దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. వేటగాడి చేతిలో పడిన పనిముట్టు లెక్కగాడి చేతికి ఆలస్యంగా వచ్చిందనాలి.

గుడ్లకాలంలోనే చిక్కంతా. కడుపు నిండా జన ఉంటే గాలితిత్తి నొక్కుకుపోయి మోత మారుతుంది. గులకరాళ్ల మీద గుడ్లు పెట్టడానికి హెర్రింగ్ గుంపు సముద్రపు అడుగుకు దిగితే, అడుగు ప్రతిధ్వనిలో చేపది కలిసిపోతుంది. అందుకే పక్కనే వల వేసి, పడినవాటి పొడవు, జన పక్వత చూసి లెక్క సరిచేస్తారు.

మన దేశంలో 1971లో కొచ్చిన్ కేంద్రంగా ఐక్యరాజ్యసమితి సాయంతో మొదలైన పెలాజిక్ ఫిషరీ ప్రాజెక్టు నూనె కవళ్లనూ కానాగడతలనూ ఇలాగే వెతికింది. అందులోని ‘రాస్ట్రెలిజర్’ ఓడ పేరు కానాగడత ప్రజాతిదే. ఆ చేప జాతినామం ‘కనగుర్త’ కూడా రస్సెల్ విశాఖలో విన్న తెలుగే.

పులస విషయం వేరు. వరద గోదావరి ఎర్రనీటికి ఎదురీదే ఆ చేపకు 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టే హద్దయింది. జ్యోతినగర్ దగ్గరి గోదావరి దాకా రాదు. పైగా నదిలో లోతు తక్కువున్న చోట పడవ కింది ధ్వనికి అందేది గజం రెండు గజాల వెడల్పే. పైపైన ఈదే చేప పడవ చప్పుడుకే పక్కకు తప్పుకుంటుంది. అక్కడ లెక్కంతా రేవులోనే జరుగుతుంది. వలకు ఎన్ని పడ్డాయి, ఒక్కోటి ఎంత తూగింది, పొట్టలో జన ఉందా లేదా అని.