జిమ్ థోర్ప్ సంతకం విలువ ఎట్లా కడతారు? మన ట్రంకు పెట్టెల్లో ఉన్నవాటి సంగతేంటి?



ఆటగాళ్ల సంతకాలున్న బంతులు, ఫొటోలు, జెర్సీలు వేలంలో లక్షలు పలుకుతున్నాయని వింటుంటాం. ఆ విలువ ఎట్లా కడతారో ఒక ఆదివాసీ ఆటగాడి చరిత్రతో చూద్దాం.

జిమ్ థోర్ప్ అమెరికాలోని సాక్ అండ్ ఫాక్స్ తెగ బిడ్డ. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండింట్లోనూ స్వర్ణాలు గెలిచారు. అంతకుముందు కొద్దిపాటి డబ్బుకు బేస్‌బాల్ ఆడారని 1913లో ఆ పతకాలు లాగేసుకున్నారు. 1953లో ఆయన చనిపోయారు. 1983లో పిల్లల చేతికి నకలు పతకాలిచ్చారు. ఆ రెండు పోటీల్లో ఏకైక విజేత ఆయనేనని ఒప్పుకోవడానికి 2022 దాకా పట్టింది.

అలాంటి మనిషి సంతకానికి గిరాకీ ఉంటుంది. గిరాకీ ఉన్నచోట దొంగ సంతకాలూ ఉంటాయి. 1990ల చివర్లో అమెరికా ఎఫ్‌బీఐ 'ఆపరేషన్ బుల్‌పెన్' పేరుతో ఈ దందాను పట్టుకుంటే, మదర్ థెరీసా సంతకం పెట్టినట్టున్న బేస్‌బాల్ బంతి కూడా దొరికింది!

అందుకే తెలిసినవాళ్లు మొదట సిరా చూస్తారు. షార్పీ మార్కర్ బజారులోకొచ్చింది 1964లో. థోర్ప్ ఫొటో మీద ఆ మార్కర్ సంతకం ఉంటే ఇంక వేరే పరీక్ష అక్కర్లేదు. తర్వాత భూతద్దం పెడతారు. అచ్చువేసిన సంతకమైతే సన్నని చుక్కలు కనబడతాయి. వస్తువు ఆయన కాలానిదేనా, సంతకం వెలిసిపోయిందా, అలాంటివి ఎన్ని మిగిలాయి అని కూడా లెక్కేస్తారు. అన్నిటికంటే పెద్ద ప్రశ్న, ఇది ఎవరి చేతి నుంచి ఎవరి చేతికొచ్చింది? ఆ వరుస చెప్పే ఉత్తరమో పాత ఫొటోనో ఉంటే ధర పెరుగుతుంది. లేకపోతే నిజమైన సంతకం కూడా అనుమానంలోనే ఉండిపోతుంది.

మనం దెబ్బతినేది ఇక్కడే. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌కు భారత హాకీ జట్టు కెప్టెన్‌గా వెళ్లింది జైపాల్ సింగ్ ముండా. ఆ జట్టు స్వర్ణం తెచ్చింది. తర్వాత రాజ్యాంగ సభలో ఆదివాసీల తరఫున గట్టిగా మాట్లాడిందీ ఆయనే. ఇంత చరిత్ర ఉన్నా మన దగ్గర కాగితం తక్కువ, నోటిమాట ఎక్కువ. తాతలు చెప్పింది నిజమే అయినా, రాసిపెట్టకపోతే కొనేవాడు పాతసామాన్ల రేటే కడతాడు.

కాబట్టి మన ఊళ్లల్లో ఆడినవాళ్ల ఇళ్లకు వెళ్దాం. ట్రంకు పెట్టెల్లో ఉన్న జెర్సీలు, సర్టిఫికెట్లు, టీమ్ ఫొటోలు చూద్దాం. ఎవరిది, ఏ ఏడాది, ఎవరిచ్చారు అని పెద్దవాళ్లను అడిగి, తేదీ వేసి రాసి, వాళ్లతోనే సంతకమో వేలిముద్రో పెట్టిద్దాం. లామినేషన్ చేయించొద్దు. వెలిసిన సంతకం మీద మళ్లీ పెన్ను తిప్పొద్దు. ఎండ తగలనీయొద్దు. అమ్మాలా వద్దా అనేది ఆ ఇంటివాళ్ల ఇష్టం. కానీ అదేంటో తెలియకుండా పోగొట్టుకోవడం మాత్రం ఇక వద్దు.

జై ఆదివాసీ!