మన చిమ్నీకి ఒక కథ ఉంది

సోదరీమణులారా, గ్యాసు పొయ్యి మీద బిగించుకునే చిమ్నీ నిన్నమొన్నటి సరదా అనుకుంటున్నారా? దాని ముందుకథ మన హైదరాబాదుదే.

ధర్పల్లి, బోధన్ వైపు కట్టెపొయ్యి ఊదుతూ కళ్లు మండించుకున్న అమ్మమ్మలు మనకందరికీ ఉన్నారు. ఆ బాధ తీర్చాలని హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలలో డాక్టర్ ఎస్.పి. రాజుగారు పొగలేని పొయ్యి రూపొందించి, 1953లో దానిమీద పుస్తకం కూడా వేశారు. మట్టితో కట్టుకునే పొయ్యి అది. ఒకే మంటమీద ఒకటికి మించి గిన్నెలు ఉడికేవి; పొగ గొట్టంగుండా కప్పు దాటిపోయేది. ఇటువంటి పొయ్యిలను 1983 నుంచి కేంద్ర ప్రభుత్వం దేశమంతటా కట్టించింది. 2002లో ఆ పథకం ఆగిపోయింది. చాలా ఇళ్లలో అవి ఎందుకు మూలపడ్డాయంటారా? కట్టించారు గానీ, గొట్టంలో మసి ఎవరు దులపాలో, పగిలితే ఎవరు బాగుచేయాలో చూడలేదు. మసి పేరుకుంటే పొగ మళ్లీ ఇల్లాలి కళ్లలోకే!

మన చిమ్నీకీ అంతే. మసి బదులు తాలింపు జిడ్డు. జాలీ మూసుకుపోతే మోటారు రొదే గానీ పొగ లాగదు. జిడ్డుకు మంట అంటుకునే ప్రమాదమూ ఉంది. అందుకే రెండు వారాలకోసారి ప్లగ్గు తీసేసి, జాలీని గిన్నెల సబ్బు కలిపిన వేడినీళ్లలో నానబెట్టి, మెత్తని బ్రష్షుతో తోమి, పూర్తిగా ఆరాక బిగించండి. అల్యూమినియం జాలీకి బట్టలసోడా వద్దు, నల్లబడుతుంది. ఈ పని ఇంట్లో మగవారికీ నేర్పండమ్మా, తినేది అందరూ కదా!